కరిసల్ నేల మీద నక్షత్రం గుర్తు



మదురై నుంచి తిరునెల్వేలి వెళ్లే రైలు దారిలో విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. దారికి రెండు పక్కలా నల్లరేగడి. అక్కడివాళ్లు ఆ నేలను కరిసల్ అంటారు. ఉత్తరాన వైగై, దక్షిణాన తామ్రపర్ణి పారుతున్నా ఆ నీళ్లు ఇక్కడికి రావు. ఆశ్వయుజ, కార్తిక మాసాల్లో పడే వానే ఈ రైతుకు ఆధారం. ఆ వాన పడితే పత్తి, జొన్న, సజ్జ, మినుము, మిరప పండుతాయి. పడకపోతే అప్పు మిగులుతుంది. మెట్ట పత్తి మీద పరిశోధన కోసం 1901లోనే ప్రభుత్వం కోవిల్‌పట్టిలో వ్యవసాయ క్షేత్రం పెట్టింది. ఈ నేలకు పత్తి ఎంత ముఖ్యమో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఈ నేల మీద తెలుగువాళ్ల చరిత్ర చాలా పాతది. విజయనగర కాలంలోనూ, ఆ తర్వాత మదురై నాయకుల కాలంలోనూ వలస వచ్చిన కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకులు ఇక్కడ ఊళ్లు కట్టుకున్నారు. రాజపాళయంలో రాజులు స్థిరపడ్డారు. కోవిల్‌పట్టికి దగ్గర్లోని ఎట్టయపురం జమీందారులు తెలుగు మాట్లాడే కుటుంబమే. సుబ్బరామ దీక్షితులు తెలుగులో రాసిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఆ ఎట్టయపురంలోనే అచ్చయింది. కర్ణాటక సంగీతానికి అంత పెద్ద తెలుగు గ్రంథం ఆంధ్రదేశానికి ఇంత దూరంలో, ఒక మెట్ట జమీలో వెలువడిందని మనలో చాలామందికి తెలియదు. తెలియాలి.

ఈ రోజు నేను మాట్లాడబోయేది సంగీతం గురించి కాదు. ఈ నల్లరేగడి మీద ఒక మితవాద పార్టీ ఎలా పుట్టుకొచ్చింది, దాని తరఫున గెలిచినవాళ్లు ఎలా గెలిచారు, ఎందుకు నిలవలేదు అన్నది నా విషయం. ఆ పార్టీ పేరు స్వతంత్ర పార్టీ. దాని ఎన్నికల గుర్తు నక్షత్రం. ఆచార్య రంగా, గౌతు లచ్చన్న పేర్లతో ఆ పార్టీ తెలుగువాళ్లకు తెలుసు. అరవదేశంలో, అందులోనూ తెలుగు మాట్లాడే రైతులు నిండుగా ఉన్న ఈ ప్రాంతంలో దాని కథ వేరేగా నడిచింది. ఆ తేడా అర్థమైతే, రైతు పేరుతో పెట్టిన పార్టీ ఎప్పుడు రైతుదవుతుందో, ఎప్పుడు కాదో అర్థమవుతుందని నా నమ్మకం.

కథ 1959 కంటే ముందే మొదలైంది.

విరుదునగర్ వ్యాపారుల ఊరు. మిరపకాయలు, పప్పుధాన్యాలు, నూనెలు అక్కడ చేతులు మారతాయి. స్వాతంత్ర్యానికి ముందు ఆ ఊళ్లో జస్టిస్ పార్టీ బలంగా ఉండేది. ఆ పార్టీని మితవాద పార్టీ అనాలా, సంస్కరణ పార్టీ అనాలా అన్నది ఇప్పటికీ వాదనే. బ్రిటిష్ ప్రభుత్వంతో సర్దుకుపోవడంలో, జమీందారులను నాయకులుగా నిలబెట్టుకోవడంలో అది మితవాదమే. కులం విషయంలో మాత్రం దానిలో ఒక భాగం ముందుకు నడిచింది. విరుదునగర్ అప్పట్లో ఉన్న రామనాథపురం జిల్లా బోర్డుకు అధ్యక్షుడిగా ఉన్న డబ్ల్యూ.పి.ఎ. సౌందరపాండియన్, అంటరానివాళ్లని పేరుపెట్టి జనాన్ని బస్సు ఎక్కనివ్వకపోతే ఆ బస్సుకు అనుమతి ఉండదని హెచ్చరించారు. 1931లో ఆత్మగౌరవ ఉద్యమం మూడో రాష్ట్ర మహాసభ విరుదునగర్‌లోనే జరిగింది. ఆ ఊరి జస్టిస్ నాయకుడు వి.వి. రామసామి అటు పురపాలక రాజకీయాల్లోనూ, ఇటు ఆ ఉద్యమంలోనూ పేరున్న మనిషి.

అదే ఊళ్లో 1903లో పుట్టిన కామరాజ్ కాంగ్రెస్ జెండా పట్టుకున్నారు. చదువు మధ్యలో మానేసి బట్టల దుకాణంలో పనిచేసిన కుర్రాడు ఆయన. 1937లో సాత్తూరు స్థానం నుంచి పోటీ లేకుండానే శాసనసభకు వెళ్లారు. 1941లో జైల్లో ఉండగానే విరుదునగర్ పురపాలక సంఘం ఆయన్ను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. బయటికొచ్చాక, వేరే పెద్ద పని ఉండగా ఈ పదవికి న్యాయం చేయలేనని రాజీనామా ఇచ్చేశారు. చేయలేని పనికి పదవి పట్టుకు వేలాడకపోవడం చిన్న విషయం కాదు. పురపాలక సంఘాల చరిత్రలో ఇలాంటి రాజీనామాలు ఎన్ని ఉన్నాయో వెతికి చూడండి.

1953లో ముఖ్యమంత్రి రాజాజీ పల్లె బడులకు కొత్త పథకం తెచ్చారు. పిల్లలు సగం పూట బడిలో, మిగతా సగం ఇంటి వృత్తిలో ఉండాలన్నది అందులో మాట. ఆయన మనసులో ఉన్న ఉద్దేశం ఏదైనా, చాకలి కొడుకు చాకలిగానే, కుమ్మరి కొడుకు కుమ్మరిగానే మిగిలిపోవాలా అని రాష్ట్రం భగ్గుమంది. 1954లో రాజాజీ దిగిపోయారు, కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యారు, ఆ పథకం పోయింది. తర్వాత కొన్నేళ్లకు బడిలో మధ్యాహ్న భోజనం పెట్టే పథకాన్ని కామరాజ్ మొదలుపెట్టిన చోటు, కవి భారతి పుట్టిన ఎట్టయపురం. ఆకలితో ఉన్న పిల్లవాడికి అక్షరం ఎక్కదన్న సంగతి, కరువు చూసిన విరుదునగర్ మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

రాజాజీ అనుచరులకు కామరాజ్ నడక నచ్చలేదు. 1957 ఎన్నికలకు ముందు వాళ్లు కాంగ్రెస్ సంస్కరణ కమిటీ అనే పేరుతో వేరుపడి పోటీ చేశారు. మద్రాసు రాష్ట్రం దాటి బయట లేని పార్టీ అది. పేరులో సంస్కరణ ఉన్నా మనసు మితవాదానిదే. శాసనసభలో దాని నాయకుడు వి.కె. రామస్వామి ముదలియార్ ప్రతిపక్ష నాయకుడయ్యారు. ఆ ఎన్నికల్లోనే కామరాజ్ సాత్తూరులో నిలబడితే ఆయనకు ఎదురుగా జయరామ రెడ్డియార్ పోటీ చేశారు. ముఖ్యమంత్రికి ఎదురుగా, ఆయన సొంత గడ్డ మీద, ఒక తెలుగు రైతు కులపు పెద్ద నిలబడ్డాడు. కామరాజ్ గెలిచారు. కానీ కాంగ్రెస్ మీద ఈ ప్రాంతపు పెద్ద రైతులకు అసంతృప్తి ఉందని ఆ పోటీతో తేలిపోయింది. తర్వాత ఆ కమిటీ పేరు మార్చుకుంది. చివరికి 1959లో కొత్తగా పుట్టిన స్వతంత్ర పార్టీలో కలిసిపోయింది.

స్వతంత్ర పార్టీ పుట్టడానికి కారణం నాగపూర్. 1959 జనవరిలో కాంగ్రెస్ మహాసభ అక్కడ జరిగింది. రైతులు భూములు కలిపి ఉమ్మడి సహకార వ్యవసాయం చేయాలన్నది దేశానికి దారిగా ఆ సభ తీర్మానించింది. నిడుబ్రోలు నుంచి దశాబ్దాలుగా రైతుల తరఫున మాట్లాడుతూ వచ్చిన ఎన్.జి. రంగా అప్పుడు కాంగ్రెస్‌ను వదిలారు. 1959 జూన్ 4న మద్రాసులో రాజాజీ, రంగా, మసానీ తదితరులు కొత్త పార్టీని ప్రకటించారు. రంగా అధ్యక్షుడు. రాజాజీకి అప్పటికి ఎనభై ఏళ్లు నిండాయి. ఆ వయసులో మనిషి విశ్రాంతి కోరుకుంటాడు. ఆయన దేశంలో అందరికంటే బలమైన పార్టీకి ఎదురు నిలబడే పార్టీ పెట్టారు. ఆయన విద్యా పథకాన్ని నేను సమర్థించను. కానీ ఒకే పార్టీ చేతిలో దేశమంతా ఉంటే ప్రజాస్వామ్యం మాటకే మిగులుతుందన్న ఆయన భయం నిజమైన భయం. దానికోసం ఆయన పడిన శ్రమకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

పార్టీ 21 సూత్రాలు ప్రకటించింది. ఆస్తిహక్కు, వ్యాపార స్వేచ్ఛ, ప్రభుత్వ జోక్యం తగ్గించడం వాటిలో ముఖ్యం. ఆ మూల సూత్రాల్లో లేని విషయాల మీద సభ్యుడు తనకు నచ్చినట్టు ఓటు వేయవచ్చన్న నియమం కూడా పెట్టుకున్నారు. పార్టీ విప్ అంటే వణికే ఈ రోజుల్లో ఆ నియమం విన్నవాళ్లకు ఆశ్చర్యం కలుగుతుంది. పర్మిట్, లైసెన్సు, కోటా అనే మూడు మాటలను కలిపి రాజాజీ ప్రభుత్వాన్ని ఎండగట్టిన తీరు దేశమంతా పాకింది.

ఇక మన ప్రాంతానికి వద్దాం. ఈ మాటలు కరిసల్ రైతు చెవిలో ఎలా పడ్డాయి?

1961లో మద్రాసు ప్రభుత్వం భూ గరిష్ఠ పరిమితి చట్టం చేసింది. కుటుంబానికి 30 స్టాండర్డ్ ఎకరాలు. స్టాండర్డ్ ఎకరం అనేది శిస్తును బట్టి వేసిన లెక్క. కావేరి కింద మాగాణి ఎకరానికీ కోవిల్‌పట్టి మెట్ట ఎకరానికీ ఒకే తూకం వేయలేరు కనుక, మెట్టలో ఒక స్టాండర్డ్ ఎకరానికి మూడు నాలుగు మామూలు ఎకరాల దాకా కట్టారు. అంటే మెట్టలో వంద ఎకరాలున్న ఆసామి కూడా చట్టానికి చిక్కకుండా నిలవగలడు. తంజావూరు మిరాసీదారుడు గుండెలు బాదుకున్నట్టు కరిసల్ రైతు బాదుకోవాల్సిన అవసరం లేదు. ఇక్కడ ఎక్కువమంది పది, పదిహేను ఎకరాల మెట్టతో, ఒక జత ఎద్దులతో, వాన కోసం చూసే మనుషులు. వాళ్ల భయం ప్రభుత్వం భూమి లాక్కుంటుందని కాదు. బావి తవ్వితే నీరు పడుతుందా, పడితే కరెంటు వస్తుందా, పత్తికి ధర ఉంటుందా అన్నవి వాళ్ల భయాలు.

స్వతంత్ర పార్టీ ఈ ప్రశ్నలకు సరిగ్గా ఎదురుపడలేదని నా అభిప్రాయం. ఆస్తిని కాపాడతామని చెప్పింది. ఆస్తి ఉన్నా తిండి లేని రైతుకు ఆ మాట సగమే చేరింది. ఆస్తే లేని కూలీకి అసలు చేరలేదు.

శివకాశి సంగతి వేరు. 1923 ప్రాంతంలో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపెట్టెల పని నేర్చుకొచ్చి మొదలుపెట్టిన పరిశ్రమ అది. తర్వాత టపాసులు, అచ్చు పని చేరాయి. అగ్గిపుల్ల మీద ఎక్సైజ్ సుంకం, టపాసుల మందుకు పేలుడు పదార్థాల లైసెన్సు, ప్రతిదానికీ ఒక అధికారి, ఒక సంతకం. అలాంటి ఊళ్లో పర్మిట్ రాజ్యం పోవాలన్న మాట కొత్తగా వినిపించదు. అది వాళ్ల రోజువారీ బాధే. ఈ మాటకు ఇక్కడ చెవి ఒగ్గినవాళ్లు ఉన్నారంటే అందుకే. కానీ అదే శివకాశిలో, అదే కోవిల్‌పట్టిలో, తెల్లవారకముందే పల్లెల నుంచి ఆడపిల్లలను బండ్లలో ఎక్కించుకొచ్చి అగ్గిపుల్లలు పేర్పించిన కాలం కూడా ఉంది. యజమాని స్వేచ్ఛకు పెద్దపీట వేసిన పార్టీ పనివాళ్ల స్వేచ్ఛకు అంత చోటు ఇవ్వలేదు. 1986లో బాలకార్మిక చట్టం వచ్చేదాకా, వచ్చాక కూడా చాన్నాళ్లు, ఆ పిల్లల వేళ్లకు భాస్వరం, గంధకం అంటుతూనే ఉన్నాయి. మితవాదం అంటే ఇంటినీ సంప్రదాయాన్నీ కాపాడటం అయితే, ఆ ఇళ్లలోని పిల్లలను కాపాడటం దానిలో మొదటి పని కావాల్సింది.

1962 ఎన్నికలు వచ్చాయి. స్వతంత్ర పార్టీ ఇక్కడ ముత్తురామలింగ తేవర్ నాయకత్వంలోని ఫార్వర్డ్ బ్లాక్‌తో పొత్తు పెట్టుకుంది. కామరాజ్‌ను ఢీకొనే శక్తి రామనాథపురం జిల్లాలో తేవర్‌కే ఉందన్నది లెక్క. లెక్కగా చూస్తే సరైనదే. కానీ 1957 సెప్టెంబరులో దళిత నాయకుడు ఇమ్మానువేల్ సేకరన్ హత్య, తేవర్ కులస్థులకూ దళితులకూ మధ్య ముదుకులత్తూరు అల్లర్లు జరిగి అప్పటికి ఐదేళ్లు కూడా కాలేదు. ఆ గాయం మానకముందే వ్యక్తి స్వేచ్ఛ గురించి మాట్లాడే పార్టీ అటువైపు నిలబడటం దళితులకు ఏం చెప్పినట్టు? ఓట్ల పొత్తు పెట్టుకునేటప్పుడు ఎవరిని దూరం చేసుకుంటున్నామో చూసుకోకపోవడం ఆ పార్టీ చేసిన పెద్ద తప్పు. సాత్తూరులో కామరాజ్ మళ్లీ గెలిచారు. రాష్ట్రమంతటా స్వతంత్ర పార్టీకి దాదాపు 8 శాతం ఓట్లు, 6 స్థానాలు వచ్చాయి. ఆ ఆరుగురిలో కారైక్కుడిలో గెలిచిన కంబన్ కళగం స్థాపకుడు స. గణేశన్ ఒకరు. అరవసాహిత్యానికి ఆయన చేసిన సేవ రాజకీయం కంటే ఎక్కువ కాలం నిలిచింది.

అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో స్వతంత్ర పార్టీకి శాసనసభలో 19 స్థానాలు వచ్చాయి. రంగా తెనాలిలో ఓడిపోయి, తర్వాత చిత్తూరు ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వెళ్లారు. 1967లో ఆంధ్రలో ఆ పార్టీ 29 స్థానాలతో ప్రధాన ప్రతిపక్షమైంది. అక్కడ ఆ పార్టీకి ఒక లచ్చన్న ఉన్నాడు. గీత కులంలో పుట్టి, రంగా శిష్యుడై, శ్రీకాకుళం పల్లెల్లో పేద రైతుల మధ్య పనిచేసిన మనిషి. సంస్థానాధీశులూ ఆ పార్టీలో ఉన్నారు, నిజమే. కానీ లచ్చన్న లాంటివాడు ఉన్నంత మేర పార్టీకి జనంలో వేరు ఉంది. కరిసల్ నేలలో అలాంటి మనిషి ఆ పార్టీకి దొరకలేదు.

1967లో జరిగినదాన్ని కొంచెం నిదానంగా చూడాలి.

హిందీ వ్యతిరేక ఉద్యమం, బియ్యం కరువు, ఇరవై ఏళ్ల కాంగ్రెస్ పాలన మీద విసుగు. అణ్ణాదురై ద్రవిడ మున్నేట్ర కళగం ఈ మూడింటినీ పట్టుకుంది. బ్రాహ్మణ వ్యతిరేకతతో ఎదిగిన ఆ పార్టీతో రాజాజీ చేయి కలిపారు. మార్క్సిస్టులు, ముస్లిం లీగ్, స్వతంత్ర పార్టీ ఒకే పందిరి కిందికి వచ్చాయి. విరుదునగర్ శాసనసభ స్థానంలో ఆ ఏడాది కామరాజ్ స్వయంగా నిలబడ్డారు. ఆయనకు ఎదురు నిలిచినవాడు విద్యార్థి ఉద్యమం నుంచి వచ్చిన పి. శ్రీనివాసన్ అనే కుర్రాడు. ఫలితం వచ్చినప్పుడు దేశం నివ్వెరపోయింది. 1,285 ఓట్ల తేడాతో కామరాజ్ తన సొంత ఊళ్లో ఓడిపోయారు. ఇద్దరు ప్రధానమంత్రులను గద్దె మీద కూర్చోబెట్టిన మనిషిని విరుదునగర్ ఓటర్లు ఇంటికి పంపారు.

ఆ పక్కనే శివకాశి లోక్‌సభ స్థానంలో నక్షత్రం గుర్తు గెలిచింది. గెలిచిన అభ్యర్థి స్వతంత్ర పార్టీ మనిషి పి. రామమూర్తి. అదే ఎన్నికల్లో మదురై లోక్‌సభ స్థానంలో గెలిచిన మార్క్సిస్టు నాయకుడి పేరు కూడా పి. రామమూర్తే. ఒకరు ఆస్తిహక్కును కాపాడాలన్న పార్టీ, మరొకరు ఆస్తి వ్యవస్థనే మార్చాలన్న పార్టీ. ఇద్దరూ ఒకే కూటమి అభ్యర్థులుగా, కాంగ్రెస్‌ను ఓడించి, ఒకే లోక్‌సభలో కూర్చున్నారు. ఆ ఏడాది ఓటు దేనికోసమో కాదు, కాంగ్రెస్‌కు వ్యతిరేకంగా పడిందని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అంకెలు కూడా అదే చెబుతాయి. మద్రాసు రాష్ట్రంలోని 39 లోక్‌సభ స్థానాల్లో ద్రవిడ మున్నేట్ర కళగానికి 25, స్వతంత్ర పార్టీకి 6, మార్క్సిస్టులకు 4, కాంగ్రెస్‌కు 3, ముస్లిం లీగ్‌కు 1. శాసనసభలో స్వతంత్ర పార్టీకి 20 స్థానాలు. కానీ దానికి పడిన ఓట్లు 5 శాతానికి కాస్త పైన. 1962లో 8 శాతం ఓట్లకు 6 స్థానాలు వస్తే, 1967లో 5 శాతానికి 20 వచ్చాయి. తక్కువ చోట్ల పోటీ చేయడం వల్ల ఓట్ల శాతం తగ్గిందన్నది నిజమే. అయినా ఆ 20 మందిని గెలిపించిన చెయ్యి ఎవరిదో దాచిపెట్టలేం. అరువు తెచ్చుకున్న విత్తనంతో పండిన పంట అది. అప్పు ఇచ్చినవాడు అడిగినప్పుడు ఇవ్వక తప్పదు. సొంతంగా ఆధిక్యం వచ్చిన అణ్ణాదురైకి ప్రభుత్వం నడపడానికి రాజాజీ అవసరం లేకపోయింది.

ఇప్పుడు కోవిల్‌పట్టి వైపు చూడండి. అదే 1967లో, ఆ గాలిలో, కోవిల్‌పట్టి శాసనసభ స్థానంలో గెలిచింది కాంగ్రెస్ కాదు, ద్రవిడ కూటమీ కాదు. కూటమికి బయట ఉన్న భారత కమ్యూనిస్టు పార్టీ మనిషి సో. అళగర్‌సామి. రాష్ట్రం మొత్తం మీద ఆ పార్టీకి వచ్చినవి రెండే స్థానాలు. వాటిలో ఒకటి కోవిల్‌పట్టి. తర్వాత 1971, 1977, 1980, 1989 ఎన్నికల్లోనూ ఆయనే గెలిచారు. మొత్తం ఐదు సార్లు. పొత్తులు మారాయి, ముఖ్యమంత్రులు మారారు, కోవిల్‌పట్టి మాత్రం ఆయన్నే మళ్లీ మళ్లీ గెలిపించింది. మిల్లు కార్మికుల సంఘాలు, అగ్గిపెట్టెల కార్మికులు, మెట్ట రైతులు ఆయన వెంట ఉన్నారు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్ అనే ఊళ్లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ అరవంలో రాసిన గొప్ప రచయిత. ఆయన కూడా కమ్యూనిస్టు పార్టీతో నడిచినవారే. తెలుగు రైతుల వలస కథను ఆయన నవలగా రాశారు. దాని తర్వాతి భాగానికి 1991లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. రంగా ఎవరి గురించి మాట్లాడారో, సరిగ్గా ఆ రైతు కులాల్లో పుట్టిన మనిషి రంగాకు ఎదురుగా ఉన్న పార్టీని ఎంచుకున్నాడు. కులం చూసి, భాష చూసి ఓటు పడుతుందనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

నేను కమ్యూనిస్టుల పక్షం మాట్లాడటం లేదు. ఉమ్మడి సహకార వ్యవసాయం గురించి రంగా చెప్పిందే నిజమైంది. రష్యాలో, చైనాలో రైతు చేతిలోంచి భూమి గుంజుకున్నప్పుడు ఎంతమంది తిండిలేక చచ్చిపోయారో చరిత్ర చెప్పింది. మన దేశంలో ఆ దారి పట్టకుండా ఆపినవాళ్లలో రంగాకు ముందు వరసలో చోటుంది. వాదంలో ఆయన గెలిచారు. కానీ ఈ నేలలో ఆయన పార్టీ మనుషుల దగ్గర ఓడిపోయింది.

పతనం త్వరగానే వచ్చింది. 1971లో మరో వింత. కాంగ్రెస్ అప్పటికే ఇందిర వర్గం, కామరాజ్ వర్గం అని రెండుగా చీలింది. ద్రవిడ మున్నేట్ర కళగం ఇందిరా గాంధీ వైపు వెళ్లిపోయింది. రాజాజీ తన జీవితకాలపు ప్రత్యర్థి కామరాజ్‌తో చేయి కలిపారు. 1954 నుంచి ఒకరి మీద ఒకరు కత్తులు నూరిన ఇద్దరూ ఒకే వేదిక ఎక్కారు. కామరాజ్ ఆ ఎన్నికల్లో నాగర్‌కోయిల్ నుంచి లోక్‌సభకు గెలిచారు. కానీ శాసనసభలో ద్రవిడ మున్నేట్ర కళగానికి 184, కామరాజ్ కాంగ్రెస్‌కు 15, స్వతంత్ర పార్టీకి 6 స్థానాలు మిగిలాయి. శివకాశి లోక్‌సభ స్థానం ఇందిరా కాంగ్రెస్ అభ్యర్థి వి. జయలక్ష్మి చేతికి పోయింది. నాలుగేళ్ల కిందట నక్షత్రానికి పడిన ఓటు ఎక్కడికి పోయిందో వెతికే ఓపిక కూడా ఆ పార్టీకి లేకపోయింది. 1972 డిసెంబరు 25న రాజాజీ పోయారు. 1974లో స్వతంత్ర పార్టీ చరణ్ సింగ్ భారతీయ లోక్ దళ్‌లో కలిసిపోయింది. రంగా కాంగ్రెస్‌కు తిరిగి వెళ్లి, 1980 నుంచి గుంటూరు నుంచి లోక్‌సభకు ఎన్నికవుతూ వచ్చారు. పార్టీ శాసనసభా నాయకుడిగా పేరు తెచ్చుకున్న డాక్టర్ హెచ్.వి. హండే తర్వాత ఎం.జి.ఆర్. మంత్రివర్గంలో ఆరోగ్య మంత్రి అయ్యారు. మనుషులు బతికారు, పార్టీ బతకలేదు.

ఆ పార్టీ వదిలేసిన రైతు ఏమయ్యాడు? ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న.

1970లో కోయంబత్తూరు దగ్గర కరెంటు ఛార్జీల పెంపు మీద రైతులు లేచారు. వాళ్ల నాయకుడు వైయంపాళయానికి చెందిన సి. నారాయణసామి నాయుడు, తెలుగు రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు. 1972లో ఎడ్లబండ్లు తెచ్చి కోయంబత్తూరు వీధులను నింపేశారు. కాల్పులు జరిగాయి, రైతులు చనిపోయారు. ఆ ఉద్యమం కరిసల్ నేలకూ పాకింది. 1980 డిసెంబరు 31న కోవిల్‌పట్టి ప్రాంతంలోని కురింజాకుళంలో పోలీసు కాల్పులు జరిగాయి. అక్కడా రైతుల ప్రాణాలు పోయాయి. స్వతంత్ర పార్టీ పార్లమెంటులో గొప్ప ఉపన్యాసాలు చేసింది. ఈ రైతులు అప్పు, కరెంటు, ధర అనే మూడు మాటలు పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నారు. నారాయణసామి నాయుడు 1982లో పార్టీ కూడా పెట్టారు. 1984 డిసెంబరులో ఎన్నికల ప్రచారం మధ్యలో కోవిల్‌పట్టిలోనే ఆయన కన్నుమూశారు. రాజాజీ, రంగా చెప్పలేకపోయిన మాటను రైతు భాషలో చెప్పిన మనిషి ఆయన. ఆయన పార్టీ కూడా ఓట్లలో నిలవలేదు. కానీ వ్యవసాయానికి ఉచిత కరెంటు అన్న విషయాన్ని ఏ తమిళనాడు ప్రభుత్వమూ తప్పించుకోలేని స్థితికి తెచ్చింది ఆ ఉద్యమమే.

మితవాద పార్టీ అంటే జమీందారుల పార్టీ అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ప్రతిపక్షం లేని శాసనసభలో ప్రతిపక్షంగా కూర్చోవడం, అందరూ ఒకే మాట మాట్లాడే రోజుల్లో వేరే మాట మాట్లాడటం దేశానికి అవసరమైన పని. ఆ పని వాళ్లు చేశారు. గెలిపించిన ఊళ్లలో ఆ తర్వాత వాళ్లు ఏం చేశారన్నది వేరే ప్రశ్న. శివకాశిలో గెలిచిన పార్టీ అక్కడ కార్యకర్తల బలగాన్ని నిలబెట్టి ఉంటే, మెట్ట రైతు సంఘం ఒక్కటి గట్టిగా కట్టి ఉంటే, 1971లో తుడిచిపెట్టుకుపోయేది కాదు. కోవిల్‌పట్టిలో అళగర్‌సామిని ఐదు సార్లు గెలిపించింది కూటమి గాలి కాదు. ఎన్నికలు లేని ఏళ్లలో చేసిన పని.

ఈ ప్రసంగం వింటున్నవారిలో కోవిల్‌పట్టి, సాత్తూరు, రాజపాళయం, విరుదునగర్ ప్రాంతాలతో చుట్టరికం ఉన్నవాళ్లు కొందరైనా ఉంటారు. 1967లో ఓటు వేసినవాళ్లకు ఇప్పుడు ఎనభై ఏళ్ల పైనే. వాళ్లలో నక్షత్రం గుర్తుకు ఓటు వేసినవాళ్లు, ఆ ప్రచారానికి సైకిళ్ల మీద ఊరూరా తిరిగినవాళ్లు, దానికి ఎదురు నిలిచి ఎర్ర జెండా కట్టినవాళ్లు ఇంకా మిగిలి ఉన్నారు. మన పుస్తకాల్లో రంగా, లచ్చన్నల చరిత్ర ఉంది. ఈ మెట్ట పల్లెల్లోని తెలుగు ఓటరు చరిత్ర లేదు. మీ తాతను, మీ అమ్మమ్మను కూర్చోబెట్టి అడగండి. ఎవరికి ఓటు వేశారు, ఎందుకు వేశారు, గెలిచినవాడు మళ్లీ ఊరికి వచ్చాడా అని అడగండి. వాళ్లు చెప్పింది చెప్పినట్టుగా, ఆ ఇంటి తెలుగులోనే రాయండి. రాసినదాన్ని మీ ఊరి గ్రంథాలయానికి ఒక ప్రతి ఇవ్వండి.